చాట లోపల పెట్టమన్నదెవరు?

పోయిన వారం మనం కళ్యాణిని కామారెడ్డి బస్టాండులో, ఎల్లారెడ్డి బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టించి వదిలేశాం. భుజాన సంచి, సంచిలో ఆఫీసు బీరువాలోంచి ఎవరికీ చెప్పకుండా తీసుకొచ్చిన రమ్య ఫైలు. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆఫీసు గుండుసూది కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి ఆమె. అలాంటిది ఫైలే ఎత్తుకొచ్చిందంటే ఎంత కడుపు మండి ఉంటుందో మీరే చెప్పండి.

మండించినది స్నిగ్ధ. సదాశివనగర్ పెద్ద రైతు బిడ్డ, ఇరవై ఏడేళ్ళది, హైదరాబాదులో పెద్ద చదువు చదివింది. కామారెడ్డిలో జనం 'పిల్లల ఆఫీసు' అని పిలుచుకునే ఆ రెండు గదుల్లోకి ఆరు నెలల పని మీద వచ్చింది. పాత కేసులు తిరగేయడం, ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోవడం, ఇకముందు పిల్లల ఇళ్ళకు ఎలా వెళ్ళాలో ఏం అడగాలో కొత్త నియమాల పుస్తకం రాయడం, ఇదీ ఆమె పని.

నిన్నటి సమీక్షలో రమ్య కేసు వచ్చింది. పిల్లకు పద్నాలుగేళ్ళు. తల్లి చనిపోయింది, తండ్రి మగ్గాల పనికి భీవండి పోయి పత్తా లేడు. మూడేళ్ళ కింద ఆ పిల్లను ఎల్లారెడ్డిలో అమ్మమ్మ శాంతవ్వకు అప్పగించింది కళ్యాణే. ఆ తర్వాత ఆరుసార్లు ఆ ఇంటికి వెళ్ళింది. ఆరుసార్లూ 'పిల్ల బడికి పోతున్నది, బీడీ పని చేయడం లేదు' అని రాసి సంతకం పెట్టింది. స్నిగ్ధ చెప్పకుండా ఒకే ఒక్కసారి వెళ్ళి, పిల్ల బడి మానేసి పది నెలలైందనీ, పొద్దస్తమానం బీడీలే చేస్తోందనీ, అమ్మమ్మ ఆ సంగతి దాస్తోందనీ నలుగురి ముందూ చదివింది. రేపు పదకొండు గంటలకు కమిటీ కూర్చుంటుంది. రమ్యను శాంతవ్వ దగ్గర ఉంచాలా, ప్రభుత్వ హోంకు పంపాలా అన్నది అక్కడ తేలుతుంది.

అదంతా అబద్ధమని తేల్చడానికి కళ్యాణి బస్సెక్కింది.

కిటికీ పక్క సీటు దొరికింది. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. లింగంపేట దాటేదాకా నిన్నటి మీటింగే కళ్ళ ముందు తిరిగింది. చక్రధర్ సార్ ఆ ఆఫీసుకు పెద్ద. కళ్యాణి ఏం చెప్పినా 'ఆఁ, చూద్దాం' తప్ప ఇంకో మాట అనడు. నిన్న స్నిగ్ధ చదువుతుంటే మాత్రం 'వాహ్' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. పైగా ఆ పిల్లకు పింగాణీ కప్పులో టీ, మిగతా అందరికీ కాగితం గ్లాసులు. కప్పుల సంగతి కూడా పట్టించుకుంటారా అని నవ్వకండి. ఓర్వలేనితనం పట్టిన మనిషికి ముందు కనబడేవి కప్పులే.

అసలు మంట వేరే ఉంది. నాలుగేళ్ళ కింద కళ్యాణి ఒక నోట్‌బుక్ నిండా ఇరవై రెండు సూచనలు రాసి సార్ చేతిలో పెట్టింది. బడికి పోయి హాజరు పట్టీ మన కళ్ళతో చూడాలి, పిల్లతో పెద్దవాళ్ళు లేనప్పుడు మాట్లాడాలి, ఇలాంటివి. రాత్రుళ్ళు కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి, అట్ట వేసి మరీ ఇచ్చింది. సార్ 'చూద్దాం' అన్నాడు. ఆ తర్వాత ప్రింటరు ఒక పక్కకు ఒరుగుతోందని దాని కింద పెట్టించాడు. స్నిగ్ధ వచ్చిన నెలకు ప్రింటరు కింద ఇటుక వచ్చింది, నోట్‌బుక్ మాయమైంది. నిన్న ఆ పిల్ల చదివిన కొత్త నియమాల్లో సగానికి సగం కళ్యాణి మాటలే.

'దొంగది' అనుకుంది కళ్యాణి. పైకే అన్నట్టుంది, పక్క సీటులో ఆడమనిషి తన చేసంచి ఒళ్ళోకి లాక్కుంది.

ఎల్లారెడ్డి ఇంకో పావుగంట ఉందనగా అలవాటు కొద్దీ ఫోను తీసింది. శాంతవ్వ పేరు మీదికి వేలు పోయి ఆగింది. కళ్యాణి ఎప్పుడూ ముందు ఫోను చేసే వెళ్తుంది. ఆమె పుట్టిందీ ఎల్లారెడ్డిలోనే, బీడీలు చేసే ఇంట్లోనే. కార్ఖానలో బీడీలు అప్పగించే రోజు ఇంటి మీదికి ఎవరైనా వస్తే ఆ రోజు పని ఎంత పాడవుతుందో అమ్మను చూసి ఆమెకు తెలుసు. అందుకే చెప్పి వెళ్ళడం ఒక మర్యాద అనుకుంది. ఈరోజు ఆ మర్యాద పక్కన పెట్టి ఫోను సంచిలో పడేసింది. చెప్పకుండా పోవడం ఆ స్నిగ్ధకేనా వచ్చేది?

బస్టాండు నుంచి నడిచి వాడకట్టు మలుపు తిరగ్గానే విమలమ్మ ఎదురైంది. అంగన్‌వాడీ టీచర్. కళ్యాణి తమ్ముళ్ళిద్దరూ ఆమె చేతి గుడ్లు తినే పెరిగారు. ఆఫీసు వాళ్ళు ఈ వాడకట్టు పిల్లల సంగతులు అడిగేదీ ఆమెనే.

"ఏం కళ్యాణీ, మొకం గట్ల మాడిపోయిందేంది బిడ్డా?"

"ఎండ, టీచర్."

"ఇంత నీళ్ళన్న తాగి పో. మల్ల నేను దొరకను. ఇంకో నాలుగు నెల్లే నాది. ముప్పై రెండేండ్లు చేసిన. ఎవ్వలతోని ఒక్క మాట పడలే. గట్లనే దిగిపోతే సాలు."

"నీకేం టీచర్, నిన్ను అనేటోళ్ళెవరు?" అని కళ్యాణి ముందుకు కదిలింది.

శాంతవ్వ ఇంటి తలుపు తీసే ఉంది. లోపలి నుంచి నవ్వు వినిపించింది. రమ్య నవ్వు. గడపలోనే ఆగిపోయింది కళ్యాణి.

రమ్య ఒళ్ళో చాట. చాట నిండా కత్తిరించిన ఆకు, ఒక మూల తంబాకు. పక్కనే కింద కాళ్ళు ముడుచుకుని స్నిగ్ధ. చేతిలో బీడీ చుట్టబోయి తంబాకంతా చున్నీ మీద పోసుకుంది.

"అయ్యో అక్కా, గట్ల కాదు! బొటనవేలు గట్టిగ పెట్టు," అంటూ పిల్ల పడీపడీ నవ్వుతోంది.

అక్కట! మూడేళ్ళుగా తనను 'మేడం' అనడమే తప్ప ఈ పిల్ల ఒక్కసారి అక్క అన్నది లేదు. తను వచ్చినప్పుడల్లా ఇస్త్రీ చేసిన బడి బట్టల్లో, కుర్చీ అంచు మీద, అడిగినదానికి 'ఆఁ మేడం' 'లేదు మేడం' అంటూ కూర్చునేది. నవ్వడం వచ్చని కూడా కళ్యాణికి తెలీదు.

ఇక ఆ చాట. స్నిగ్ధ చెప్పింది అక్షరాలా నిజం. పిల్ల చదువు పోయిందే అన్న బాధ రావాలి కదా ముందు? రాలేదు. స్నిగ్ధే గెలిచింది అన్న మంట ముందు వచ్చింది. బాధ దాని వెనకాల వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ వచ్చిన వరస అది.

రమ్య తలెత్తి చూసింది. నవ్వు ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే చాటను మంచం కిందికి తోసి, లేచి, గౌను దులుపుకుని, వెళ్ళి కుర్చీ అంచు మీద కూర్చుంది.

"నువ్వేంది ఈడ?" అంది కళ్యాణి, స్నిగ్ధతో.

"రేపు కమిటీ గద మేడం. ఇంకోసారి మాట్లాడి పోదామని వచ్చిన."

"ఇది నా కేసు. నా ఊరు. మూడేండ్ల సంది చూసుకుంటున్న. నువ్వు వచ్చి మూడు నెలలు కాలే, నాకు నేర్పుతవా?"

"నేర్పడానికి కాదు మేడం. మిమ్మల్నే అడుగుదామనుకున్న. ఫైలు చూసి అడుగుదామంటే పొద్దున బీరువాల ఫైలు లేదు."

కళ్యాణి సంచిని చంకలోకి నొక్కుకుంది. "ఫైలు దొరకలేదా? నా నోట్‌బుక్ మాత్రం మంచిగ దొరికింది గద నీకు! ప్రింటరు కింద కెళ్ళి తీసుకొని, నా మాటలన్నీ నీ నోట్ల పెట్టుకొని సార్ ముందట చదివితివి. సిగ్గనిపిస్తలేదా?"

మంచం మీద శాంతవ్వ కదిలింది. కళ్ళకు పొరలొచ్చి మనుషులను గొంతులను బట్టి పోల్చుకుంటోంది ఈమధ్య. "కళ్యాణీ, గట్ల ఒర్రకు బిడ్డా," అంది.

స్నిగ్ధ ముఖం ఎర్రబడింది. తన సంచి తెరిచి నోట్‌బుక్ బయటికి తీసింది. అట్ట చిరిగిన చోట కొత్త అట్ట వేసి ఉంది. పేజీల మధ్య రంగు కాగితాలు. దాని లోపల నుంచి ఒక ప్రింటు తీసి కళ్యాణి చేతిలో పెట్టింది.

"పుస్తకం మొదటి పేజీ మేడం. చదువుండ్రి."

పెద్ద అక్షరాల్లో పుస్తకం పేరు. దాని కింద: మూల రచన, కళ్యాణి. ఇంకా కింద, చిన్న అక్షరాల్లో: కూర్పు, స్నిగ్ధ.

"నిన్ననే చెప్దామనుకున్న. పుస్తకం బయటికొచ్చే రోజు అందరి ముందట చెప్దాం, అప్పటిదాక ఆగమని సార్ అన్నడు. నేను మూడుసార్లు చదివిన మేడం ఇది. పెద్ద పెద్ద పుస్తకాలల్ల దొరకలే నాకు గిన్ని సంగతులు."

కళ్యాణి తన పేరు మీద వేలు పెట్టి చూసింది. పదకొండేళ్ళుగా ఒక్క కాగితం మీద తన పేరు కింద కాకుండా పైన ఉండాలని చూసింది. ఇదిగో, ఉంది. సంతోషించాలి కదా? లోపల ఇంకా కాలింది. ఈ పిల్ల తెలివిగలదీ, డబ్బుగలదీ, పిల్లలతో 'అక్క' అనిపించుకునేదీ చాలక, మంచిది కూడానా? దొంగదైతే ఎంత బాగుండేది! తిట్టుకోవడానికి ఒక్క సాకు కూడా మిగల్చకపోతే మనిషి ఏం చేయాలి?

"తొమ్మిదో సూచన చదివే నేను ఈ ఇంటికి చెప్పకుండ వచ్చిన," అని స్నిగ్ధ పేజీ తిప్పి చదివింది. "'ఇంటికి పోయే ముందు ఫోన్ చేయవద్దు. ఫోన్ చేస్తే మనకు కనబడేది మన కోసం సర్దిన ఇల్లు.'"

తన రాతే. తన మాటే. కళ్యాణి ఆ పేజీని తన వైపు తిప్పుకుని చూసింది. ఆ సూచన రాసినప్పుడు ఆమె మనసులో పిట్లం ఉంది, ఇంకా ఎక్కడెక్కడివో ఊళ్ళున్నాయి. ఎల్లారెడ్డి లేదు. ఎల్లారెడ్డి తన వాడకట్టు, తనవాళ్ళు. తనవాళ్ళ ఇంటికి నియమం ఎందుకని ఆమె అనుకోను కూడా లేదు, అంత సహజంగా తప్పింది.

స్నిగ్ధ గొంతు తగ్గించింది. "మేడం, రేపటికి ఒక్కటే చిక్కు. అవ్వ కావాలని ఆఫీసును మోసం చేసిందని రాస్తే పిల్లను తీసేస్తరు. ఆఫీసుతోని సంబంధమున్న మనిషే ఎవరో చెప్పి దాపిచ్చిండ్రంటే అవ్వ తప్పు లేదు. పిల్ల ఇంట్లనే ఉంటది, బడికి మనం పంపియ్యొచ్చు. కార్ఖానల అవ్వ పేరు మీద పని ఆపించి, కండ్ల ఆపరేషన్ చేపియ్యొచ్చు. ఎవరో చెప్పిండ్రు, అది ఖాయం. అవ్వ నోట్ల నుంచే వచ్చింది మొన్న. పేరు అడిగితే మాత్రం చెప్తలేదు."

అప్పుడు కళ్యాణికి ప్రాణం లేచొచ్చింది. ఇదిగో, ఇక్కడ దొరికింది. ఎంత చదివినా, ఎంత మంచిదైనా, ఈ వాడకట్టు మనిషి కాదు కదా ఈ పిల్ల!

"నీకు చెప్తదా? మా అవ్వలు నీకెందుకు చెప్తరు? నేనడుగుత చూడు," అని మంచం మీద శాంతవ్వ పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. "అవ్వా, నేను. కళ్యాణిని. చాట దాచమని చెప్పిందెవరు? నాకు చెప్పు. భయం లేదు, నేనున్న."

శాంతవ్వ పొరల కళ్ళు ఆమె వైపు తిప్పింది. 

సరిగ్గా అప్పుడే స్నిగ్ధ ఫోను మోగింది. చక్రధర్ సార్. లోపల మాట సరిగ్గా వినబడక ఆమె గల్లీలోకి నడిచింది. "ఫైలు ఇంకా దొరకలే సార్..." అంటున్న గొంతు దూరమైంది.

"ఇప్పుడు చెప్పు అవ్వా. ఆ పిల్ల బయటికి పోయింది."

"నన్నెందుకు అడుగుతున్నవు బిడ్డా?" అంది శాంతవ్వ, మెల్లగా. "నువ్వే గద చెప్పినవు."

కళ్యాణి నవ్వబోయింది. "నేనా? నేనేం చెప్పిన?"

"పిల్లను తెచ్చి నా ఒళ్ళె వెట్టిన దినమే చెప్పినవు. నేను వచ్చే ముందు ఫోన్ చేస్త అవ్వా, నేనొచ్చే వరకు చాట లోపల వెట్టుండ్రి, కనబడితే రాయాలె, రాస్తే పిల్లను పట్టుకపోతరు అంటివి. గప్పుడు నాకు కండ్లు మంచిగుండె. ఇది బడి కెళ్ళి వచ్చినంక గంటసేపు బీడీల మూతులు మడిచేది, గంతే. నా కండ్లు పోయినంక మొత్తం దీని మీదనే పడ్డది. నువ్వు చెప్పినట్టే లోపల వెడుతున్నం."

జ్ఞాపకం వచ్చేసింది. ఇదే మంచం. అప్పుడు సాయంత్రం నాలుగైంది. రమ్యకు పదకొండేళ్ళు, అమ్మమ్మ కొంగు వదలడం లేదు. తను కూడా ఈ వయసులో గంటసేపు మూతులు మడిచే చదువుకుంది, గంటలో ఏం పోతుందిలే అనుకుంది. వాళ్ళ మీద జాలితో, నవ్వుతూ అన్నది. అని, బస్సెక్కి, మర్చిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలే రమ్యా?" అంది పిల్ల వైపు తిరిగి. "బడి మాన్పించిండ్రని ఒక్కమాట నాకు చెప్పొద్దా?"

రమ్య కుర్చీ అంచు మీద నుంచి చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. అదే భరించలేకపోయింది కళ్యాణి.

"మీరు ప్రతిసారి ముందుగాల ఫోన్ చేస్తుంటిరి గద మేడం. చాట లోపల వెట్టిండ్రా అని అడగడానికే చేస్తున్నరనుకున్న. మీకు అంతా ఎరుకనే అనుకున్న." గౌను మీది తంబాకు పొడి ఏరుతూ అంది: "అక్కకు ఎరుక లేదు గద. అందుకే ఆమెకు చెప్పిన."

మీ పేరు పైన ఉన్న కాగితం చేతిలో పట్టుకుని ఇలాంటి మాట వినాల్సి రావడం ఎంత కష్టమో నేను చెప్పలేను. కళ్యాణి ఆ ప్రింటును నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది.

"నేను హోంకు పోను మేడం," అంది రమ్య. "అవ్వకు పొయ్యి కూడ కనబడదు. బడికి మాత్రం పోత. మల్ల ఎనిమిదో తరగతిల కూసుంట, ఏం కాదు."

"అవ్వా, మరి నా పేరు ఎందుకు చెప్పలే ఆమెకు? చెప్తే పిల్ల నీ దగ్గరనే ఉంటది గద!"

"నా పిల్లను నాకు ఇప్పిచ్చిన చెయ్యి నీది," అంది శాంతవ్వ. "నీ కొలువు తీపిచ్చి నేను బుక్కెడు బువ్వ తింటనా?"

గల్లీలో చెప్పుల చప్పుడైంది. స్నిగ్ధ లోపలికి వచ్చింది. ముఖం దిగాలుగా ఉంది. "సార్ అంటున్నడు మేడం, పేరు దొరకకపోతే రేపు ఇంకేం ఆలోచన లేదు, పొద్దున్నే పిల్లను తీసుకపోనీకి వ్యాన్ తెచ్చుకోమన్నడు." రాత ప్యాడ్ తీసుకుని కింద కూర్చుంది. "ఏమన్న చెప్పిందా అవ్వ?"

కళ్యాణి నోరు తెరిచింది. నిజంగానే తెరిచింది, నేను సాక్షిని. చెప్పాలనే తెరిచింది. కానీ శాంతవ్వ వ్యాన్ అన్న మాట విన్నది. రమ్య చేతి కోసం గాలిలో తడిమి పట్టుకుంది.

"చెప్త బిడ్డా, రాసుకో," అంది శాంతవ్వ. "విమలమ్మ చెప్పింది. అంగన్‌వాడీ విమలమ్మ."

 స్నిగ్ధ పెన్ను కాగితం మీద చకచకా కదిలింది. అమ్మయ్య అన్నట్టు ఆమె భుజాలు దిగాయి. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. పుస్తకం మీద కళ్యాణి పేరుంటుంది. అందరికీ అన్నీ సర్దుకున్నాయి, ఒక్క విమలమ్మకు తప్ప.

మరి కళ్యాణికి ఆ క్షణాన ఏమనిపించిందంటే, హాయిగా అనిపించింది. గుండెల మీద నుంచి బరువు దిగినట్టు అనిపించింది. ఆ హాయి చూసి తన మీద తనకే రోత పుట్టింది. ఎవ్వలతోని ఒక్క మాట పడలే అన్న ఆ గొంతు చెవిలో ఇంకా ఆరలేదు. వీధి చివర విమలమ్మ ఎవరి పిల్లాడినో 'ఇటు రా నాయినా, గుడ్డు తినిపో' అని పిలుస్తోంది.

"అవ్వ వేలిముద్ర వేస్తది," అంది స్నిగ్ధ, ప్యాడ్ కళ్యాణి వైపు తిప్పుతూ. "సాక్షి సంతకం మీరు పెట్టుండ్రి మేడం. మీకంటే ఎవరున్నరు ఈ ఇంటి సంగతి తెలిసినోళ్ళు?"

కళ్యాణి పెన్ను అందుకుంది. భుజాన సంచిలో ఫైలు, ఫైలులో ఆరు సంతకాలు. ఇది పెడితే ఏడోది.

రమ్య కుర్చీ అంచు మీద నుంచి లేచి కళ్యాణి దగ్గరికి వచ్చింది. పిల్ల కళ్ళు పెన్ను మొన మీదే ఉన్నాయి.